శ్రుతి తప్పినోళ్లు

"గాడిదకైన ఒక లెక్క ఉంటది లిదియా. అది ఏ శ్రుతిల షురూ చేస్తదో గా శ్రుతిలనే ఖతం చేస్తది. మన కొయిర్‌కు గా పాటి గూడ లేదు."

"సార్, నేను కొయిర్ ముచ్చట మాట్లాడనీకి రాలే."

"మరెందుకొచ్చినవ్? పాస్టరు తోలిండా?"

"తోలలే. అడిగిండు. నేనే పోతనన్న."

"రెండూ ఒకటే. కూసో. గా కుర్చీల కాదు, దానికి కాలు ఇరిగింది. మంచం మీద కూసో."

ఆర్మూర్‌లో పెర్కిట్ దారిలో ఉన్న ఆ ముందుగదికి లిదియా తొమ్మిదేళ్ల వయసు నుంచీ వస్తోంది. హార్మోనియం మీద వేళ్లు పెట్టడం దయానంద్ సార్ దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు ఊళ్లోని ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. ఆదివారాలు చర్చిలో ఆయన పక్కన రెండో కీబోర్డు వాయిస్తోంది. మొన్న ఆదివారం పాట సగంలో ఉండగా సార్ కీబోర్డు మీది నుంచి చేతులు తీసేసి, మైకులో నలభై మందినీ కలిపి తిట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఈస్టర్ ఇంక మూడు వారాలే ఉంది. సంఘం పెద్దలు లిదియాకు రెండు మాటలు అప్పజెప్పారు. సార్ వచ్చి తప్పయిందని ఒక్క మాట అంటే సరి. అనకపోతే ఈస్టర్‌కు నువ్వే వాయించు. మొదటి మాట చెప్పడం కష్టమనుకుంటూ వచ్చింది. ఇక్కడికొచ్చాక రెండోది ఇంకా కష్టంగా ఉంది.

"ఏమంటున్నరు పెద్దమనుషులు?"

"ఏమంటరు సార్... పిల్లలు బాధపడ్డరని."

"పిల్లలా? ఆఖరి వరుసల నిలబడేటాయనకు మనుమలున్నరు."

"ఆయన గూడ బాధపడ్డడు."

"పడనియ్. గట్లనన్న శ్రుతిల పడుతడేమో."

"జర నవ్వులాట పక్కకు పెట్టున్రి సార్. మీరొచ్చి ఒక్క మాట—"

"ఏం మాట? మీరు మస్తు పాడిన్రు, నా చెవులు చల్లబడ్డయని చెప్పాల్నా?"

"తప్పయిందని."

"ఎవలి తప్పు?"

కిటికీ అవతల పసుపు ఉడకబెట్టిన వాసన గాలితో పాటు వచ్చి పోతోంది. సార్ ఆ వాసనతో కూడా తగాదా ఉన్నట్టు లేచి కిటికీ రెక్క మూసేశాడు.

"డిసెంబర్ల భజన మండలి గూడ ఇడిచిపెట్టిన్రట గద."

"ఇడవక? లక్ష్మీరాజం పాట నువ్వెన్నడన్న ఇన్నవా?"

"దూరం నుంచి."

"అదృష్టవంతురాలివి. పసుపు అడ్తి దుకాణం కాడ కూసోని కొమ్ములు వేలం వేసినట్టే దేవుణ్ని గూడ పిలుస్తడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఏ రేటుకు దిగి రావాల్నో తెల్వక దేవుడు ఆగమైతడు. ఇరవై రెండేండ్లు గాయన ఎనుక హార్మోనియం పెట్టె వాయించిన. గాయన ఏ మెట్టు మీదికి ఉరికితే నేను గా మెట్టు మీదికి ఉరుకుడు. జనమేమనుకున్నరు? లక్ష్మీరాజం మంచిగ పాడుతడనుకున్నరు."

"ఇరవై రెండేండ్లు ఉరికినోళ్లు ఒక్కపారే ఎందుకు ఆగిన్రు?"

"కాళ్లు గుంజినయ్."

"వాయించేది చేతులతోని గద సార్."

"లెక్కలు చెప్పుడు అలవాటై ప్రతి మాటకు లెక్క అడుగుతున్నవ్."

"మా బడిల పాట చెప్పుడు ఎందుకు ఇడిచిన్రు? ఫిబ్రవరిల వార్షికోత్సవం నాడు స్టేజీ మీద ప్రిన్సిపాల్ మేడంను అట్ల అనుడేంది? నేను ఆడనే ఉన్న. సిగ్గుతోని చచ్చిపోయిన."

"ఏమన్న?"

"మీ బడి పిల్లలు పాడుతలేరు, ఫీజు రసీదులు చదువుతున్నరు అన్నరు."

"అబద్ధమా?"

"పిల్లలు మంచిగ పాడిన్రు సార్."

"నీకు గట్ల ఇనబడ్డది."

అక్కడి నుంచి ఆయన ఎవరినీ వదలలేదు. పొద్దున ఆరింటికే పిల్లను తోలుకొచ్చి, మూడు నెలల్లో టీవీలో పాడాలె సార్ అనే తల్లిదండ్రుల గురించి చెప్పాడు. మూడు నెలల్లో పసుపు కూడా పండదు, తొమ్మిది నెలలు ఆగేవాళ్లు పిల్లకు మూడు నెలలే ఇస్తారట. పెళ్లిళ్లలో మైకు పట్టుకుని, తాము పాడే శ్రుతి ఏదని అడిగితే ఫోన్ తీసి చూసుకునే కుర్రగాయకుల గురించి చెప్పాడు. నవీపేట్‌లో ఒక పుట్టినరోజుకు పిలిచి, కేకు కోసేదాకా వాయించనివ్వకుండా, కోశాక ఇంక చాలు సార్ అన్నవాళ్ల గురించి చెప్పాడు. ముప్పై ఏళ్లుగా పొద్దున ట్యూషన్లు, పగలు బడి, సాయంత్రం ఎవరో ఒకరి వెనక కూర్చోవడం. ఒక్కరికీ చెవి లేదని తేల్చాడు. ఆర్మూర్ మొత్తానికి కలిపి ఒక్క చెవి కూడా లేదు.

ఆయన మాటలు ఎప్పుడూ ఇంత కారంగానే ఉంటాయి. కానీ ఇదివరకు తిట్టాక పాడి చూపించేవాడు. ఈ రోజు తిట్టి ఊరుకుంటున్నాడని లిదియా గమనించింది.

"జ్యోత్స్న యాదికున్నదా సార్?"

"ఏ జ్యోత్స్న?"

"అంకాపూర్ పొల్ల. సత్తవ్వ బిడ్డ. నాయిన మస్కట్‌ల ఉంటడు."

"మస్తు మంది వస్తరు, పోతరు. చాయ్ తాగుతవా?"

"పోయినేడు జూన్‌ల మీరు ట్యూషన్‌కెల్లి ఇంటికి తోలిన్రు. ఈ పిల్లకు చెవి లేదు, పాట మీద ఆశ పెట్టుకోకున్రి అని సత్తవ్వ ముంగట చెప్పిన్రట."

"చక్కెర ఎక్కువేస్తనా?"

"సార్."

"నీకు ఎక్కువే ఉండాలె. చిన్నప్పటి సంది గంతే."

"మొన్నటి ఆదివారం పాట నా ఫోన్‌ల రికార్డయింది. ఇంటికి పోయినంక పెట్టె ముందటేసుకోని, ఒక్కొక్క మెట్టు పట్టి చూసిన."

"చూస్తే?"

"అందరు ఒక్క శ్రుతిలనే ఉన్నరు."

"ఫోన్‌ల ఏది ఇన్నా మంచిగనే ఇనబడ్తది. గందుకే జనం కొంటున్నరు."

సార్ భార్య సువార్తమ్మ అంగన్‌వాడీ నుంచి ఇంకా రాలేదు. ముందుగదికీ వంటింటికీ మధ్య గోడ నడుము ఎత్తుకే ఉంది. సార్ గోడ అవతలికి వెళ్లి, ఇటు వీపు పెట్టి, పొయ్యి మీద నీళ్లు పెట్టాడు. లిదియా కాసేపు ఆయన వీపునే చూస్తూ కూర్చుంది. తర్వాత చాప మీదున్న హార్మోనియాన్ని ఎత్తి, ఆయన కుడిచేతి వైపున్న గోడ కొస మీద పెట్టింది.

"సార్, ఈ పెట్టెల ఒక మెట్టు మీద నాకు అనుమానమున్నది. జర ఇంటరా?"

"మొన్ననే రీడ్లు తీసి సాఫ్ చేసిన. వాయించు."

ఆమె తిత్తి ఊది ఒక మెట్టు నొక్కి పట్టింది.

"మంచిగున్నది. ఏం అనుమానం నీకు?"

"ఇంకొకటున్నది. ఆగున్రి."

చెప్పులు లేని కాళ్లతో, చప్పుడు కాకుండా పెట్టెను మోసుకుని ఆయన ఎడమవైపు కొసకు వచ్చింది. గోడ మీద పెట్టి మళ్లీ ఊదింది.

"ఇది?"

"ఇది దిగింది. అర మెట్టు దాక దిగింది. దీన్ని ముట్టకు, రీడు పోయింది."

"సార్, ఒకటే మెట్టు."

"ఏందీ?"

"రెండు పార్లు ఒకటే మెట్టు నొక్కిన. ముందు మీ కుడి దిక్కు నిలబడ్డ. ఇప్పుడు ఎడమ దిక్కున్న. ఏలు గూడ మార్చలే."

చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. ఆయన పొయ్యి ఆర్పి, గుడ్డ తీసుకుని, పొంగిన మరకను మెల్లగా, చాలాసేపు తుడిచాడు. చిన్నప్పుడు తప్పు మెట్టు నొక్కితే తన వేళ్ల మీద స్కేలుతో కొట్టిన మనిషికి లిదియా ఈ రోజు పరీక్ష పెట్టింది.

"సార్, పరేషాన్ గాకున్రి. నిజామాబాద్‌ల చెవుల డాక్టరుంటడు. సోమారం నేను లీవు పెడ్త, ఇద్దరం పోదాం. మందులున్నయేమో, మిషన్—"

"పోయొచ్చిన."

"యాడికి?"

"గాడికే. చెవుల డాక్టరు కాడికి. జులైల."

"జులై... ఇది మార్చి సార్."

"నెలలు లెక్కపెట్టుడు నాకు గూడ వస్తది."

ఆయన రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, ఒకటి ఆమె ముందు పెట్టి, కాలు విరిగిన కుర్చీని గోడకు ఆనించి దాంట్లోనే కూర్చున్నాడు. డాక్టరు చెప్పింది చెప్పాడు. ముప్పై ఏళ్లు సౌండు డబ్బా ఎప్పుడూ ఎడమ పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చెవి నరం చచ్చింది. ఉన్న కాస్త వినికిడి కూడా శ్రుతి తప్పి చెబుతుంది. కుడి చెవి ఒక మాట చెబితే ఎడమది ఇంకో మాట చెబుతుంది, రెండూ కలిసి తలకాయలో కొట్లాడుకుంటాయి. కుడిది కూడా మెల్లగా అదే దారి పడుతోంది. మిషన్ పెట్టుకుంటే మాటలు బాగా వినబడతాయి గానీ పాట కాదు అన్నాడట డాక్టరు. ఇంకేమన్నాడని లిదియా అడిగింది. ఏం పని చేస్తారు అని అడిగాడట. పసుపు వ్యాపారమని చెప్పి వచ్చాడట.

"సువార్తమ్మకు ఎరుకనా?"

"ఎరుక లేదు. ఆమె ఎప్పటికీ నా కుడి దిక్కే పండుతది."

"మరి ఆదివారం?"

"ఆదివారం ఏముంది? వేళ్లకు యాదికున్న పాటలు వేళ్లే వాయిస్తయ్, చెవితోని పనిలేదు. గట్లనే నడిపిచ్చిన ఇన్నొద్దులు. మొన్న గా ఆఖరి వరుస పెద్దాయన నేను మెట్టు ఇయ్యకముందే పాట ఎత్తుకున్నడు. శ్రుతి పట్టుకుందామని చూసిన. దొరకలే. ఒక మెట్టు నొక్కిన, ఇంకో మెట్టు నొక్కిన. ముందటి వరుసలకెల్లి ఒకామె తిరిగి నా మొకం చూసింది."

"అయితే?"

"ఆమె మొకంల జాలి రాకముందే తిట్టిన."

"అందరినీ?"

"ఒక్కామెను తిడితే తెలిసిపోతది గద."

లిదియాకు ఒక్కొక్కటే అర్థం కాసాగింది. భజన మండలిలో తగాదా, బడి స్టేజీ మీద మాట, ఊళ్లో ఎక్కడికి వెళ్లినా తలుపు వేసి రావడం. వచ్చేటప్పుడు ఆమె ఒక ముసలాయన్ను జాగ్రత్తగా పడకుండా పట్టుకోవాలనుకుంది. ఈయన ఎనిమిది నెలల ముందే పడి, లేచి, దుమ్ము దులుపుకుని కూర్చున్నాడు.

"అంటే మీరు కావాల్ననే..."

"ఎంకటి యాదికున్నడా నీకు?"

"డోలక్ ఎంకటి తాతనా? ఎందుకు యాదికి లేడు. ధర్పల్లి తాత."

"ఆఖరి రెండేండ్లు ఎంకటి చేతులు తాళంల పడకపోతుండె. వణుకుతుండె. వద్దని చెప్పనీకి ఎవలికీ నోరు రాలే. లక్ష్మీరాజం ఏం జేసిండు? ఎంకటి ముంగట మైకు పెట్టిపిచ్చి, వైరు పీకిపిచ్చిండు. ఎనుక ఇంకొకన్ని కూసోబెట్టి గాని డోలక్‌కు మైకు పెట్టిండు. ఎంకటి రెండేండ్లు కొట్టిండు. జనం చప్పట్లు కొడ్తే తనకే అనుకున్నడు. దండేస్తే మెడ వంచిండు."

"నాకు తెల్వదు సార్."

"నీకెట్ల తెలుస్తది? గా వైరు పీకింది నేను."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"ప్రతి శనివారం పీకిన. ఎంకటి నన్ను చూసి నవ్వుతుండె, మంచిగొస్తుందా దయానందూ అని అడుగుతుండె. మంచిగొస్తుంది తాతా అని చెప్తుంటి. రేపు నా కీబోర్డు వాల్యూం ఎవలో సున్నాకు తిప్పి, మంచిగొస్తుంది సార్ అని నాకు చెప్తరు. శాలువ గూడ కప్పుతరు. గా శాలువ నాకొద్దు. పొగరుబోతోడు, పోతే పోయిండు అని తిట్టుకోనియ్. తిట్టేటప్పుడు మనిషి నన్ను సమానంగ చూస్తడు."

మాట ఎంత నిబ్బరంగా అన్నాడంటే లిదియాకు ఏడుపు రాబోయి ఆగిపోయింది. ఆగిన చోట ఇంకేదో లేచింది. బడిలో పొద్దున ప్రార్థనకు రెండో వరుసలో నిలబడే ఒక పిల్ల కళ్లముందు మెదిలింది. పెదవులు కదులుతాయి, గొంతు రాదు.

"గిదంత మీరు చెప్తుంటే ఎంత పెద్ద మనసు అనుకున్న సార్. ఒక్క లెక్క కుదురుతలేదు."

"ఏం లెక్క?"

"జ్యోత్స్నను జూన్‌ల ఎళ్లగొట్టిన్రు. డాక్టరు జులైల చెప్పిండు."

ఆయన కుర్చీని మళ్లీ గోడకు ఆనించుకున్నాడు.

"జూన్‌ల మీకు తెల్వదు. ఒప్పుకుంట. మీ చెవి తప్పు చెప్పింది, మీరు నమ్మిన్రు. జులైల తెలిసింది గద? గా పిల్ల శ్రుతి తప్పలేదని తెలిసింది గద?"

"తెలిసింది."

"అంకాపూర్ ఎంత దూరమున్నది సార్ ఈడికెల్లి?"

"లిదియా, నువ్వు—"

"ఆటోల కూసుంటే పావుగంట పట్టదు. ఎనిమిది నెలల సంది మీకు పావుగంట దొరకలే. ప్రార్థనల గా పిల్ల నోరు తెరుస్తది, పాట రాదు. వాళ్ల నాయిన శుక్రారం శుక్రారం మస్కట్‌కెల్లి ఫోన్ జేసి ఒక్క పాట పాడు బిడ్డా అంటడట. నాకు చెవి లేదు నాయినా, సార్ చెప్పిండు అంటదట. సత్తవ్వ బడికొచ్చి నాతోని చెప్పుకోని ఏడ్చింది. చెవి లేకుంటే మందులుంటయా టీచరూ అని అడిగింది."

"ఆ పొల్ల..."

"ఎంకటి తాత వైరు పీకితే డోలక్ ఒక్కటే ఇనబడలే. మీరు ఈ పిల్లది గొంతే పీకిన్రు. మీదేమో చెవుడు, శిక్ష ఆమెకు. చెప్తే ఇజ్జత్ పోతదని నోరు మూసుకున్నరు. ఊరిని ఎంత తిట్టినా ఊరికేం గాదు సార్, లక్ష్మీరాజం రేపు ఇంకొకన్ని పెట్టుకోని పాడుతడు. పన్నెండేండ్ల పిల్ల ఎవల్ని పెట్టుకుంటది?"

ముప్పై ఏళ్లలో ఆయన ముందు ఇట్లా మాట్లాడినవాళ్లు తక్కువ. మాట్లాడినవాళ్లు మళ్లీ ఆ గది మెట్టెక్కలేదు. లిదియా లేచి బ్యాగు భుజాన వేసుకుంది. ఆయన కోప్పడతాడని చూసింది, కోప్పడలేదు. గ్లాసులో అడుగున మిగిలిన చాయ్‌ను తిప్పుతూ కూర్చున్నాడు.

"ఎట్ల పాడుతుండె, ఆ పొల్ల?"

"మీకు తెల్వదా?"

"తెల్వదు. గదే చెప్తున్న. నేను ఇన్నది ఆ పొల్ల పాట గాదు. గా పాట ఎట్లుంటదో ఇగ నాకెన్నడు తెల్వదు. నువ్విన్నవ్ గద, చెప్పు."

"పోయినేడు బడిల ఇన్న. మస్తు మంచిగ పాడుతది సార్. నాకన్న మంచిగ."

"నీకన్న మంచిగ పాడుడు పెద్ద పనేం గాదు."

అన్నాడు గానీ ఆ మాటలో కారం లేదు. లిదియా గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టి నిలబడింది. పెద్దలు అప్పజెప్పిన మాటలు రెండూ ఇంకా ఆమె దగ్గరే ఉన్నాయి.

"ఈస్టర్‌కు నన్ను వాయించమంటున్నరు."

"వాయించు. పెద్దాయన ఎత్తుకోకముందే నువ్వే మెట్టియ్యి. ఆయన మీద ఇడిచిపెట్టకు."

"కమిటీకి ఏం చెప్పాలె మీ గురించి?"

"దయానంద్‌కు పొగరెక్కింది, రానన్నడని చెప్పు."

"జ్యోత్స్నకు గూడ గదే చెప్పాల్నా?"

ఆయన కుర్చీలోంచి లేచాడు. ఆనించిన కుర్చీ పక్కకు ఒరిగి పడింది, పట్టించుకోలేదు. మేకుకు తగిలించిన చొక్కా తీసుకుని బనియను మీద వేసుకున్నాడు. గుండీలు పెట్టుకుంటూ ఒకటి తప్పు కాజాలో పెట్టి, మళ్లీ తీసి పెట్టుకున్నాడు.

"నీ బండిల పెట్రోలున్నదా?"

"ఉన్నది. ఎందుకు సార్?"

"అంకాపూర్ తోలుకపో. చెవుడు నాదని గా పొల్లకు నేనే చెప్త. మిగిలినోళ్లకు నా పొగరే చాలు."